అలాస్కా ఓడ ప్రయాణం: ముందు వీసా, తర్వాత డిపాజిట్

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాము. నేను హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నాను; నా భార్య కూడా ఉద్యోగస్థురాలే. బాబుకు 14 ఏళ్ళు, ఇక్కడే పుట్టిన పాపకు 9 ఏళ్ళు. పన్నులు, 401(కె) (ఉద్యోగ విరమణ పొదుపు) పోగా ఇద్దరికీ కలిపి నెలకు 7,900 డాలర్లు చేతికి వస్తాయి, 6,400 ఖర్చవుతాయి. బ్యాంకులో 34,000 డాలర్లు ఉన్నాయి; క్రెడిట్ కార్డుపై 4,800 బాకీ ఉంది. ఇండియా నుంచి మా అమ్మానాన్నలను (64, 71 ఏళ్ళు) రప్పించి, ఈ జూలైలో అందరం కలిసి అలాస్కా వెళ్ళాలని ఉంది. వారి టికెట్లు ఇంకా కొనలేదు. ఏడు రాత్రులు ఓడలో, నాలుగు రాత్రులు రైలు, హోటళ్ళతో నేల మీద గడిపే ప్యాకేజీకి ఏజెంటు ఆరుగురికి 21,400 డాలర్లు అన్నారు. 401(కె) నుంచి అప్పు తీసుకోవడం మేలా, కార్డుపై వాయిదాలలో కట్టడం మేలా? నాన్నగారికి గుండెలో స్టెంట్ ఉంది. వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే ఆయన ఆరోగ్యం సహకరిస్తుందో లేదోనని భయంగా ఉంది.

జవాబు: మీరు అడిగిన రెండు మార్గాలలో ఏది మేలో చెప్పే ముందు, ఈ ప్రయాణం 21,400 డాలర్లలో పూర్తయ్యేది కాదని చెప్పవలసి ఉంది. ఏజెంటు మిమ్మల్ని మోసగించారని నా ఉద్దేశం కాదు. ఓడ ప్రయాణాలను అమ్మే పద్ధతే అలా ఉంటుంది: ఓడ ఎక్కిన క్షణం నుంచి ప్యాకేజీ ముగిసే దాకా అయ్యే ఖర్చులో ఒక భాగాన్ని మాత్రమే ఆ ధర చూపిస్తుంది. ఓడ ఎక్కడానికి కెనడాలోని వాంకూవర్‌కు వెళ్ళి, చివర అలాస్కాలోని ఆంకరేజ్ నుంచి తిరిగి రావడానికి తలకు 650 డాలర్లు వేసుకున్నా విమాన టికెట్లకు 3,900 అవుతుంది. ఓడ సిబ్బందికి టిప్పుగా రోజుకు మనిషికి 18 డాలర్ల చొప్పున ఆరుగురికి ఏడు రోజులకు 760 దాకా వసూలు చేస్తారు. రేవులలో విహారాలకు 2,400, ప్రయాణ బీమాకు 1,400, బయలుదేరే ముందు రాత్రి వాంకూవర్‌లో బసకూ భోజనాలకూ 900, కెనడా వీసాలకు మరో 600 వేసుకుంటే మొత్తం 31,000 దాటుతుంది. అంటే మీ బ్యాంకు నిల్వ దాదాపుగా అంతా పదకొండు రాత్రుల ప్రయాణానికే సరిపోతుంది.

ఇందులో కెనడా వీసాను చిన్న మొత్తంగా చివర రాశాను గాని, మీ విషయంలో నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. అలాస్కా వెళ్ళే పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండా కింద నమోదైనవి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అటువంటి ఓడలు ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను సాధారణంగా మరో అమెరికా రేవులో దించకూడదు; ఎక్కిన రేవుకే తిరిగి చేర్చాలన్నా మధ్యలో విదేశీ రేవును తాకాలి. అందుకే ఒకవైపు ప్రయాణం చేసే ఓడలు వాంకూవర్‌లో మొదలై అలాస్కా రేవులైన సీవర్డ్‌లోనో విట్టియర్‌లోనో ముగుస్తాయి. సియాటిల్ నుంచి బయలుదేరి సియాటిల్‌కే తిరిగివచ్చే ఓడలు సాధారణంగా ఒక సాయంత్రం కొన్ని గంటల పాటు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మీరు అక్కడ దిగినా దిగకపోయినా, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా సందర్శక వీసా ఉండవలసిందే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అవసరం లేదు, కానీ మీకది ఇంకా రాలేదు. అమెరికా పౌరురాలు కాబట్టి పాపకు వీసా అక్కర్లేదు. అయితే పిల్లల పాస్‌పోర్టుకు ఐదేళ్ళే గడువు కాబట్టి ఆ తేదీని ఒకసారి చూసుకోండి. మిగిలిన ఐదుగురికి తలకు 100 కెనడా డాలర్ల రుసుము, వేలిముద్రలకు మీ కుటుంబానికి 170, మీ అమ్మానాన్నలకు 170, వెరసి 840 కెనడా డాలర్లు, అంటే పైన వేసుకున్న సుమారు 600 అమెరికా డాలర్లు అవుతాయి.

జూలై ప్రయాణానికి ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి. ఓడ కంపెనీలు సాధారణంగా బయలుదేరే తేదీకి 90 నుంచి 120 రోజుల ముందు పూర్తి డబ్బు కట్టమంటాయి. ఆ తర్వాత రద్దు చేసుకుంటే, తేదీ దగ్గరపడే కొద్దీ తిరిగివచ్చే భాగం తగ్గిపోతూ చివరికి ఏమీ మిగలదు. ఇప్పుడు బుక్ చేస్తే, ఇండియాలో మీ తల్లిదండ్రుల వీసా దరఖాస్తు ఏమవుతుందో తేలకముందే ఆరుగురి డబ్బూ కట్టేయవలసి వస్తుంది. సాధారణ ప్రయాణ బీమా పాలసీలు వీసా తిరస్కరణను నష్టంగా లెక్కించవు. ఏ కారణంతోనైనా రద్దు చేసుకునే వీలున్న ఖరీదైన పాలసీలు కూడా కట్టినదానిలో 50 నుంచి 75 శాతమే తిరిగి ఇస్తాయి. నాన్నగారిని తీసుకెళ్ళాలన్నదే ఈ ప్రయాణానికి మూలం. ఆయన లేకుండా మిగతావారు ఓడ ఎక్కవలసిన పరిస్థితికి ముందుగానే డబ్బు కట్టడం నాకు సమ్మతం కాదు.

మీ రెండు మార్గాలకు వస్తే, 401(కె) అప్పును నేను ముందుగా తోసిపుచ్చుతాను. మామూలుగా దానిలో ఉన్న ఇబ్బంది ఒకటైతే హెచ్-1బి మీద ఉన్నవారికి అది రెండింతలవుతుంది. ఉద్యోగం పోతే, మిగిలిన అప్పును ఆ సంవత్సరపు పన్ను రిటర్నుల గడువులోగా తీర్చకపోతే దానిని ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు. యాభై తొమ్మిదిన్నర ఏళ్ళు నిండనివారికి దానిపై 10 శాతం జరిమానా కూడా పడుతుంది. అదే సమయంలో కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి మీకు గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి. ఆ రెండు నెలలలో విశ్రాంత జీవితానికి దాచుకున్న డబ్బుతో కూడా బాకీ పడి ఉండటం ఏ విధంగానూ తగదు. ఇక కార్డు విషయం: 10,000 డాలర్లను 22 శాతం వడ్డీకి రెండేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 519 డాలర్లు కట్టాలి, వడ్డీయే 2,450 దాకా అవుతుంది. కొంత కాలం వడ్డీ లేదని ఆశ చూపే పథకాలలో గడువులోగా పూర్తిగా తీరకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కగట్టేవి కూడా ఉంటాయి; ఆ షరతును సంతకానికి ముందే చదవండి.

కాబట్టి నా సలహా వచ్చే ఏడాది మే చివరి వారం, లేదా పిల్లల బడులు మూతపడగానే జూన్ మొదటి వారం. ఇది కేవలం డబ్బు కూడబెట్టడానికి తీసుకునే గడువు కాదు. జూలైతో పోలిస్తే ఆ రోజులలో ఓడ ధరలు సాధారణంగా తక్కువ. ఆగ్నేయ అలాస్కాలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా వర్షాలు మిగతా నెలల కంటే తక్కువగా ఉంటాయి. లోపలి ప్రాంతాలలో దోమల బెడద అప్పటికి పూర్తిగా మొదలవదు. నాన్నగారి ఆరోగ్యం గురించిన మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. డబ్బు లెక్కలు చూసి తల్లిదండ్రులతో ప్రయాణాలను ఏళ్ళ తరబడి వాయిదా వేసి బాధపడిన కుటుంబాలను నేను చూశాను. కానీ ఇక్కడ వాయిదా పది పదకొండు నెలలే, అదీ తేదీ నిర్ణయించి వేసేది. ఈ ఏడాది తొందరపడితే ఆయన వీసా రాకపోయే ప్రమాదం, వచ్చే ఏడాది ఆరోగ్యం సహకరించకపోయే ప్రమాదం: రెండూ నిజమైనవే, అయితే రెండవదానికి బీమా దొరుకుతుంది. పైగా ఈలోగా ఆయన హృద్రోగ వైద్యుడిని కలిసి ప్రయాణానికి అనుమతి తీసుకోవచ్చు.

ఇక డబ్బు. మొట్టమొదట కార్డు బాకీ 4,800 పొదుపు నుంచి తీర్చేయండి, 29,200 మిగులుతాయి. మీ వీసా పరిస్థితిని బట్టి నాలుగు నెలల ఖర్చు, అంటే 25,600, అత్యవసర నిధిగా విడిగా ఉంచాలి. అమెరికా పౌరులైతే మూడు నెలలకు కూడా ఒప్పుకునేవాణ్ణి. మిగిలిన 3,600తో అలాస్కా పేరిట వేరే పొదుపు ఖాతా తెరిచి, ఏప్రిల్ నుంచి నెలకు 1,500 వేస్తే, ఫిబ్రవరి చివరికి 20,100, మే చివరికి వడ్డీ కాకుండా 24,600 అవుతాయి. ఈ ప్రయాణానికి నేను గీసే గీత 22,500 డాలర్లు: ఓడకు 10,000, నేల మీద 5,000, విమానాలకు 3,900, టిప్పులు, వీసాలు, విహారాలు, బీమా కలిపి 3,600. మీ తల్లిదండ్రుల ఇండియా టికెట్లు ఇందులో లేవు. వారు ఎప్పుడు వచ్చినా అయ్యే ఖర్చే కాబట్టి వాటిని వేరుగా చూసుకోండి.

31,000 నుంచి 22,500కి తగ్గేది ఎక్కడ అంటే, ముఖ్యంగా ఓడనూ నేలనూ విడదీసి కొనడంలో. ఓడ టికెట్టు మాత్రమే కంపెనీ వద్ద తీసుకోండి. మూడు గదుల బదులు ముగ్గురేసి ఉండే రెండు గదులు అడగండి, ఎందుకంటే గదిలో మూడవ వ్యక్తికి ధర చాలా తగ్గుతుంది. పన్నులు, టిప్పులు మాత్రం అందరికీ ఒకటే. తాతయ్య, నానమ్మలతో పాప ఉండే గదికి బాల్కనీ తీసుకుని, మీ గదిని కిటికీ లేనిదిగా ఎంచుకోవచ్చు. గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలోకి వెళ్ళే ఓడనే ఎంచుకోండి. అక్కడికి రోజుకు రెండు పెద్ద ఓడలనే అనుమతిస్తారు. ఓడ ఏ రేవుకూ చేరదు, ఎవరూ దిగరు, ఉద్యానవన అధికారులు ఓడలోకి వచ్చి వివరిస్తారు. మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే గొప్ప రోజుకు విహారం పేరిట ఒక్క డాలరు కూడా అదనంగా పెట్టనవసరం లేదు. అందుకే హిమానీనదంపై హెలికాప్టర్ దిగే విహారానికి తలకు కొన్ని వందల డాలర్లు పెట్టడాన్ని నేను ప్రోత్సహించను, స్టెంట్ ఉన్న పెద్దాయనతో మరీను.

మిగిలిన రేవులలో రెండింటికే డబ్బు కేటాయించండి. జూనోలో తిమింగలాలను చూసే పడవ ఒకటి. స్కాగ్వేలో 1898, 1900 మధ్య బంగారు వేట కాలంలో వేసిన వైట్ పాస్ రైలు మరొకటి. ఆ రైలులో పెద్దవారు కూర్చున్న చోటు నుంచే కొండలోయలన్నీ చూడవచ్చు. కెచికాన్‌లో ఊరు తిరగడానికి డబ్బు అక్కర్లేదు, వానకోటు చాలు. అక్కడ ఏడాదికి 140 అంగుళాలకు పైగా వర్షం పడుతుంది. ఆ కోటును రేవు పక్క దుకాణంలో కాక ఇంటి దగ్గరే కొనుక్కోండి. సొంతంగా విహారం ఏర్పాటు చేసుకుంటే చవక, కానీ ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. కంపెనీ అమ్మిన విహారమైతే ఆగుతుంది. జూనోకు బయటి ప్రపంచంతో రోడ్డు మార్గం లేదు. ఓడ తప్పిపోతే విమానమో మరో పడవో ఎక్కవలసిందే. కాబట్టి ఆ ఊళ్ళో పడవ విహారాన్ని కంపెనీ దగ్గరే కొనమంటాను.

నేల మీద నాలుగు రాత్రులకు లెక్క వేరు. రైలు టికెట్టు తలకు, అద్దె వ్యాను బండికి. ఆరుగురి కుటుంబానికి ఆ తేడా చాలా పెద్దది. ఓడ సీవర్డ్‌లో ముగిస్తే, అక్కడి నుంచి ఆంకరేజ్‌కు సముద్రపు పాయ వెంబడి సుమారు నాలుగు గంటలు సాగే రైలు ఎక్కండి. పిల్లలకు ఆ ఒక్క ప్రయాణం చాలు. ఆంకరేజ్‌లో వ్యాను తీసుకుని 240 మైళ్ళ దూరంలోని డెనాలి ఉద్యానానికి వెళ్ళి, మళ్ళీ ఆంకరేజ్‌లోనే అప్పగించండి. ఫెయిర్‌బాంక్స్ దాకా వెళ్ళి బండిని అక్కడ వదిలితే అదనపు రుసుము పడుతుంది, పెద్దవారికి అలసట కూడా. డెనాలిలో 92 మైళ్ళ రోడ్డు ఉన్నా సొంత బండిని సాధారణంగా మొదటి 15 మైళ్ళకే అనుమతిస్తారు. ఆపైన ఉద్యానం బస్సులలో వెళ్ళాలి, అవి మే 20 ప్రాంతంలో మొదలవుతాయి. వచ్చిన వారిలో మూడింట ఒక వంతుకే మబ్బులు తొలగి 20,310 అడుగుల శిఖరం కనబడుతుందని అక్కడివారు చెబుతారు కనుక, శిఖర దర్శనం పేరుతో అమ్మే ఖరీదైన గదుల జోలికి పోకండి. అలాస్కాలో రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు గాని, ఆంకరేజ్‌లో హోటల్ గదిపై 12 శాతం స్థానిక పన్ను ఉంది; గది ధరలు పోల్చేటప్పుడు దానిని కలుపుకోండి.

బీమాలో రెండు అంశాలు. మీ తల్లిదండ్రులకు తీసుకునే సందర్శకుల ఆరోగ్య పాలసీ ఓడలోనూ కెనడాలోనూ వర్తిస్తుందా, పాత గుండె జబ్బుకు ఎంతవరకు వర్తిస్తుందన్నది రాతపూర్వకంగా అడగండి. ఓడలోని వైద్యశాల బిల్లును అక్కడికక్కడే మీ ఖాతాలో వేస్తారు. మారుమూల రేవు నుంచి పెద్ద ఆసుపత్రికి విమానంలో తరలించవలసి వస్తే అయ్యే ఖర్చు ముందు ప్రయాణ ఖర్చంతా చిన్నదే. ప్రయాణ బీమాలో పాత జబ్బు మినహాయింపును తొలగించే వెసులుబాటు, మొదటి డిపాజిట్ కట్టిన 14 నుంచి 21 రోజులలో పాలసీ తీసుకున్నవారికే సాధారణంగా దొరుకుతుంది.

కాబట్టి క్రమం ఇది: ఈ వేసవిలోనే ఐదుగురికీ కెనడా వీసా దరఖాస్తులు పెట్టండి. బహుళ ప్రవేశ వీసాను పాస్‌పోర్టు గడువును బట్టి పదేళ్ళ వరకు ఇచ్చే వీలుంది గాని, ఎంత కాలానికన్నది అధికారి నిర్ణయం; చేతికి రాగానే మీ ప్రయాణ తేదీలకు చెల్లుతుందో లేదో చూసుకోండి. మీ పాస్‌పోర్టులోని హెచ్-1బి వీసా స్టాంపు గడువు తీరి ఉంటే, కెనడాలో 30 రోజులలోపు గడిపి చెల్లుబాటయ్యే ఐ-94తో (అమెరికాలో ప్రవేశాన్నీ బస గడువునూ చూపే పత్రం) తిరిగివచ్చే వెసులుబాటు మీకు వర్తిస్తుందా అని మీ ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. మీ అమ్మానాన్నల బి-2 (అమెరికా సందర్శక) వీసా గురించి కూడా ఆయననే అడగండి. వీసాలన్నీ చేతికి వచ్చాక, శరదృతువులో, రెండు గదులకు డిపాజిట్ కట్టి అదే వారంలో బీమా తీసుకోండి. ఈలోగా మీ ఏజెంటు "ఈ ధర ఈ వారమే" అంటూ ఫోన్ చేస్తే, నాన్నగారి వీసా వచ్చాక మాట్లాడతామని చెప్పండి.