ఏ డైట్ ఎక్కడ తడబడుతుంది?

బరువు తగ్గించే డైట్ల మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: పిండి పదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో డైట్ మొదలుపెట్టి 10 రోజులైంది. మొదటి వారంలోనే 3 కిలోలు తగ్గాను. తర్వాత కాటా కదలడం లేదు. పైగా తలనొప్పి, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. ఇది నా ఒంటికి పడదంటారా?

జవాబు: పడదని అప్పుడే తేల్చేయకండి. ముందు ఆ 3 కిలోల లెక్క చూద్దాం. మన ఒంట్లో పిండి పదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కీటోలో పిండి పదార్థాన్ని రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపుకు దించేస్తారు కాబట్టి ఈ నిల్వలో పెద్ద భాగం కొద్ది రోజుల్లోనే ఖర్చయిపోతుంది. 500 గ్రాముల గ్లైకోజెన్ అంతా ఖర్చయితే, దాని నీరు కిలోన్నరతో కలిపి 2 కిలోలు. ఇన్సులిన్ తగ్గేసరికి మూత్రపిండాలు సోడియంను బయటికి పంపేస్తాయి, దాని వెంట ఇంకొంత నీరు పోతుంది. ఇక కొవ్వు సంగతి. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి. మీరు రోజుకు 700 క్యాలరీలు తక్కువ తిన్నా వారానికి కరిగేది 600 గ్రాముల పైచిలుకే. అంటే కొవ్వు మొదటి వారంలో ఎంత కరిగిందో ఇప్పుడూ అంతే కరుగుతోంది. ఆగింది నీరు పోవడం.

తలనొప్పి, పిక్కల నొప్పి కూడా ఆ సోడియం పోవడం వల్లే కావచ్చు. చాలామంది ఇలాంటప్పుడు మంచినీళ్లు ఇంకా ఎక్కువ తాగుతారు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే తాగితే ఇబ్బంది పెరుగుతుంది. రక్తపోటు, గుండె, కిడ్నీ జబ్బులు లేనివారు రోజు మొత్తంలో అర టీస్పూను ఉప్పు అదనంగా, రెండు కప్పుల సూపులో కలిపి తాగొచ్చు. అందులో సుమారు 1 గ్రాము సోడియం ఉంటుంది. సాధారణంగా వారంలో సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే పట్టుదలకు పోకండి. పిండి పదార్థాన్ని 100-130 గ్రాములకు పెంచుకుంటే కీటోన్లు (పిండి పదార్థం లేనప్పుడు కొవ్వు నుంచి ఒళ్లు తయారుచేసుకునే ఇంధనం) తయారవకపోయినా బరువు తగ్గడం ఆగదు.

కీటోకి మేలు లేకపోలేదు. ఆకలి చాలామందికి నిజంగానే తగ్గుతుంది. ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు, రక్తంలో చక్కెర దిగుతాయి. దెబ్బతినేది మరోచోట. పీచు పడిపోయి మలబద్ధకం వస్తుంది. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ బాగా పెరుగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, 3 నెలలకు ఇంకోసారి లిపిడ్ పరీక్ష, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకోవాలి. శాకాహారులకు ఇంకో చిక్కు ఉంది. పప్పుధాన్యాల్లో ప్రొటీన్ ఉన్నా, 100 గ్రాముల ఎండు పప్పులో 60 గ్రాముల దాకా పిండి పదార్థమే. వాటితో 20 గ్రాముల హద్దు దాటకుండా ఉండటం కుదరని పని. అప్పుడు ప్రొటీన్ తగ్గి, పళ్లెం నిండా కొవ్వే మిగులుతుంది.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు డాక్టరు మోతాదు మార్చకుండా కీటో మొదలుపెడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మధుమేహం మాత్రలు వేసుకునేవారైతే కీటో జోలికే పోవద్దు. చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారే కీటోఎసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటరులో అంకె బాగానే కనిపిస్తుంది కాబట్టి గుర్తించడం ఆలస్యమవుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అన్నట్టు, ఈ ఆహారం బరువు కోసం పుట్టలేదు. మూర్ఛ రోగులకు మందుగా 1921లో మొదలైంది.

ప్రశ్న: రోజూ 16 గంటలు ఏమీ తినకుండా ఉంటే, మామూలుగా తిండి తగ్గించడం కంటే కొవ్వు ఎక్కువ కరుగుతుందా?

జవాబు: ఉపవాసం గంటల్లో కొవ్వు కరిగే మాట నిజమే. తినే గంటల్లో మళ్లీ చేరే మాటా నిజమే. రోజు చివర తేలే లెక్కే అసలు లెక్క. 2022లో వెలువడిన ఓ అధ్యయనంలో 139 మందికి ఏడాది పాటు ఒకే రకంగా క్యాలరీలు తగ్గించారు. సగం మందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. వాళ్లు సగటున 8 కిలోలు తగ్గితే, వేళాపాళా లేకుండా తిన్నవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా గణాంకాలకు నిలిచేది కాదు, అంటే యాదృచ్ఛికంగా వచ్చిందే కావచ్చు. అంతకు ముందు 2020లో 116 మంది మీద 12 వారాలు చేసిన ఇంకో అధ్యయనంలో క్యాలరీల సంగతి చెప్పకుండా మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 మధ్యే తినమన్నారు. తగ్గింది కిలో లోపే.

మరి ఎవరికి పనికొస్తుంది? రాత్రి భోజనం అయ్యాక టీవీ ముందు నమిలేవారికి భేషుగ్గా పనికొస్తుంది. ఎంత తినాలన్న లెక్క అక్కర్లేదు, వంటింటి తలుపు వేసే వేళ ఒక్కటి గుర్తుంటే చాలు. చిరుతిళ్ల అలవాటే లేనివారికి దీనివల్ల కొత్తగా తగ్గేదేమీ ఉండదు.

ఇది చెడేది మూడు చోట్ల. పాలు, చక్కెర వేసిన కాఫీని తిండి కింద లెక్కేయకపోవడం ఒకటి. ఉపవాసం విడిచిన మొదటి భోజనం రెండు భోజనాలంత కావడం రెండోది. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, అది ప్రొటీన్. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే చేరాలనుకుంటున్న బరువులో కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోలకు చేరాలనుకునేవారికి రోజుకు 90 గ్రాములనుకోండి. మూడు పూటల్లో 30 గ్రాముల చొప్పున సులువే. రెండు పూటల్లో 45 గ్రాముల చొప్పున ఎక్కించడం కష్టం. కోడిగుడ్డుకు 6 గ్రాములు, వండిన పప్పు 100 గ్రాములకు 9, వండిన చికెన్ 100 గ్రాములకు 30 చొప్పున వేసుకుంటే మీ లెక్క మీకే తేలుతుంది.

వారంలో ఐదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు 500-600 క్యాలరీలతో సరిపెట్టే 5:2 పద్ధతి ఫలితం కూడా ఇంచుమించు ఇంతే. ఆ రెండు రోజులు పక్కపక్కన పెట్టుకోకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, తిండి విషయంలో అతిగా మానడం లేదా అతిగా తినడం అనే జబ్బు గతంలో ఉన్నవారు ఈ పద్ధతులేవీ పెట్టుకోకూడదు.

ప్రశ్న: కొవ్వు తగ్గించాలా, పిండి పదార్థం తగ్గించాలా? ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: ఏది మానినా మీకు బెంగ ఉండదో అది. 2018లో వెలువడిన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో 609 మంది మీద ఏడాది పాటు చూశారు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. రెండు గుంపుల మధ్య ఇంత చిన్న తేడా ఉంటే, ఒకే గుంపులో ఒకరు పాతిక కిలోలకు పైగా తగ్గడం, ఇంకొకరు బరువు పెరగడం కనిపించింది. జన్యువుల్ని చూసి ఎవరికి ఏ డైట్ పడుతుందో చెప్పొచ్చేమోనని చూశారు, అదీ కుదరలేదు. కాబట్టి జన్యు పరీక్ష చేసి డైట్ రాసిస్తామనేవారికి డబ్బులు పోయకండి.

ఒక్కటి మాత్రం గమనించండి. కొవ్వు తీసేశామని రాసిన ప్యాకెట్ పదార్థాల్లో రుచి కోసం చక్కెర కలుపుతారు. పిండి పదార్థం లేదని రాసిన బిస్కెట్లలో కొవ్వు పోస్తారు. రెండు దారుల్లోనూ ప్యాకెట్ పట్టుకున్నవారే తప్పిపోతారు.

ప్రశ్న: రోజుకు 1,200 క్యాలరీలే తింటున్నాను. రెండు నెలలుగా గ్రాము తగ్గలేదు. నా మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చుచేసే తీరు, పాడైందా?

జవాబు: దాదాపు ఎప్పుడూ తేడా ఉండేది కొలతలోనే. ఇందులో మీ నిజాయతీని శంకించే ప్రశ్నే లేదు. కంటితో అంచనా వేస్తే పోషకాహార నిపుణులకూ లెక్క తప్పుతుంది. ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా తెచ్చుకుని రెండు వారాలు ఇలా చేసి చూడండి.

నూనెను చెంచాతో కొలవకండి. వంటకు ముందు సీసాను కాటా మీద పెట్టండి, వంటయ్యాక మళ్లీ పెట్టండి. ముందు 912 గ్రాములు, తర్వాత 871 వచ్చిందనుకోండి. గిన్నెలోకి వెళ్లింది 41 గ్రాములు, సుమారు 370 క్యాలరీలు. ఆ కూర మొత్తం కిలో తూగి, మీ పళ్లెంలోకి పావుకిలో వచ్చిందంటే మీ వాటా 90 పైచిలుకు. ‘ఒక టీస్పూను నూనె’ అని రాసుకున్నవారి పుస్తకంలో అది 40 మాత్రమే. రోజుకు మూడు వంటకాలైతే 150 దాకా లెక్క తప్పింది.

రెండోది పచ్చి, వండిన తేడా. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలుంటాయి. అదే ఉడికి నీరు పీల్చుకుని 250-300 గ్రాముల అన్నమవుతుంది కాబట్టి 100 గ్రాముల అన్నంలో 130 మాత్రమే. బియ్యం తూచి, ఫోన్ యాప్‌లో ‘అన్నం’ అని ఎంచుకుంటే ఒక్క దెబ్బకు 220 మాయమవుతాయి. మూడోది గింజలు. బాదం, వేరుశనగ లాంటివి గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170-180 క్యాలరీలు. ఆరోగ్యానికి మంచివన్న పేరు మీద నడుస్తూ నోట్లో వేసుకున్నది ఎవరూ రాసుకోరు. ఈ మూడూ కలిపితేనే 550 దాకా అవుతుంది. మీ 1,200 నిజానికి 1,750 అయి ఉండొచ్చు. అదే మీకు రోజుకు కావాల్సినంత అయితే కాటా ఎందుకు కదులుతుంది?

బరువు చూసుకునే తీరు కూడా మార్చండి. పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తాగకముందు, రోజూ చూసి రాసుకోండి. ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకండి. ఉప్పు ఎక్కువైనా, వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినా కిలో రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. ఏడు రోజుల సగటును నాలుగు వారాల కిందటి సగటుతో పోల్చండి. నెలసరి వచ్చేవారు పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి.

ఇంత చేశాక కూడా లెక్క 1,200 దగ్గరే నిలిస్తే, జుట్టు రాలడం, చలి, నెలసరి తప్పడం లాంటివి ఉంటే ఇంకా తగ్గించొద్దు. థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, డాక్టరుతో మాట్లాడి తిండి పెంచండి. మెటబాలిజం పూర్తిగా పాడవదు గానీ, బరువు తగ్గిన ఒళ్లు తక్కువతోనే బతకడం నేర్చుకుంటుంది. తెలియకుండానే నడక, కదలిక కూడా తగ్గిపోతాయి. రోజుకు ఎన్ని అడుగులు వేస్తున్నారో ఓ కంట చూస్తూ ఉండండి.

ప్రశ్న: ఏడు రోజుల జ్యూస్ డైట్‌తో ఒంట్లో విషాలన్నీ పోతాయంటున్నారు. చేయొచ్చా?

జవాబు: ఆ పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి. జ్యూస్‌లో ప్రొటీన్ దాదాపు ఉండదు, వడకట్టేటప్పుడు పీచూ పోతుంది. తగ్గేది నీరు, దాంతోపాటు కొంత కండ. పండు కొరికి తినండి.

ప్రశ్న: వయసు 52. రక్తపోటు, టైప్ 2 మధుమేహం రెండూ ఉన్నాయి. తగ్గాల్సింది 15 కిలోలు. ఏ డైట్ మేలు?

జవాబు: రక్తపోటుకు బాగా పరీక్షకు నిలిచింది డ్యాష్ డైట్. కూరగాయలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యాలు, కొవ్వు తక్కువ పాల పదార్థాలు ఎక్కువగా, సోడియం రోజుకు 2,300 మిల్లీగ్రాముల లోపు, ఇంకా కట్టడి చేస్తే 1,500. ఉప్పుగా చెప్పాలంటే 2,300 మిల్లీగ్రాములంటే ఒక టీస్పూను, ప్యాకెట్ తిండిలోని ఉప్పుతో కలిపి. ఆలివ్ నూనె, చేపలు, గింజలు, పప్పుధాన్యాలతో ఉండే మెడిటరేనియన్ పద్ధతి గుండెకు మంచిది. ఈ రెంటిలోనూ లోపం ఒక్కటే. క్యాలరీల హద్దు లేకుండా పాటిస్తే బరువు తగ్గదు, ఎందుకంటే ఆలివ్ నూనె కూడా నూనే. కిడ్నీ సమస్య ఉంటే డ్యాష్‌లో పొటాషియం ఎక్కువవుతుంది, ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి.

15 కిలోలన్నారు కాబట్టి ఇంకో మాట. రోజుకు 825-853 క్యాలరీల ద్రవాహారంతో కొన్ని నెలలు గడిపి, తర్వాత మెల్లగా మామూలు తిండికి వచ్చే పద్ధతిని 2017లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో చూశారు. ఏడాదికి దాదాపు సగం మందికి, 15 కిలోలు అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం మందికి, మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. ఇది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు. మొదటి రోజు నుంచే చక్కెర, రక్తపోటు మాత్రల్ని సరిచేయడానికి డాక్టరు కావాలి. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశమూ ఉంది. అలా వీలుకాకపోతే వారానికి అర కిలో చొప్పున డ్యాష్‌తోనే వెళ్లండి.

ప్రశ్న: ఆరు నెలలు కీటో చేసి 11 కిలోలు తగ్గాను. మానేద్దామనుకుంటున్నాను. మళ్లీ పెరుగుతానా?

జవాబు: మొదటి పది రోజుల్లో కిలోన్నర, రెండు కిలోలు పెరుగుతారు. ఖాళీ అయిన గ్లైకోజెన్ మళ్లీ నిండుతూ నీటిని వెనక్కి తెచ్చుకుంటుంది, అది కొవ్వు కాదు. అది చూసి కంగారుపడి మళ్లీ కీటోకి పరుగెత్తేవారే ఎక్కువ. అసలు జాగ్రత్త కొవ్వు దగ్గర కావాలి. ధాన్యం తిరిగి పళ్లెంలోకి వచ్చాక కూడా కీటోలో అలవాటైన వెన్న, నూనె, చీజ్ అలాగే ఉండిపోతే బరువు నిజంగానే ఎక్కుతుంది. వారానికి 25 గ్రాముల చొప్పున పిండి పదార్థం పెంచండి, పెంచిన ప్రతి 25 గ్రాములకు 11 గ్రాముల కొవ్వు తగ్గించండి. రెండూ 100 క్యాలరీలే. ప్రొటీన్ తగ్గనివ్వకండి. నాలుగో వారం ఏడు రోజుల సగటును పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇకపై పోల్చుకోవాల్సింది ఆ అంకెతోనే.