బేరం ధనుర్మాసంలో, కారు సంక్రాంతికి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. భీమవరం షోరూములో ఒక కారుకు ఆన్‌రోడ్ ధర 10.40 లక్షలు చెప్పారు. ధర తగ్గించరట, సీటు కవర్లు, మ్యాట్లు ఉచితంగా ఇస్తారట. సార్వా ధాన్యం అమ్మిన 4 లక్షలు నగదుగా ఉన్నాయి. మిగతా 6.40 లక్షల్లో 6 లక్షలకు ఏడేళ్ల రుణం వాళ్లే ఇప్పిస్తామంటున్నారు. సంక్రాంతికి కారు ఇంటికి రావాలి. బేరం ఎలా ఆడాలి?

జవాబు: ముందు ఆ 10.40 లక్షల్లో ఏది ఎంతో విడివిడిగా రాయించుకోండి. జీవితకాల పన్ను ప్రభుత్వానికి వెళ్లేది, దాని జోలికి పోవద్దు. హ్యాండ్లింగ్ చార్జీలు అని కనిపిస్తే మాత్రం కొట్టేయమనండి. అమ్మే సరుకును తమ కొట్టుకు తెచ్చుకున్న ఖర్చు కొనేవారి నెత్తిన ఎందుకు? బీమా కూడా షోరూములోనే తీసుకోవాలని లేదు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు తప్పనిసరి, సొంత కారు నష్టానికి ఏడాది పాలసీ చాలు. అదే రక్షణకు బయట ఎంతవుతుందో కనుక్కుని వెళ్లండి. ఉచిత మ్యాట్ల బదులు ఆ విలువను బిల్లులోనే తగ్గించమనండి.

మీకు కలిసొచ్చేది కాలం. ధనుర్మాసంలో మన వైపు చాలామంది కారు ఇంటికి తెచ్చుకోరు. షోరూములకేమో ఆ సంవత్సరం తయారైన బళ్లను డిసెంబరు 31లోగా వదిలించుకోవాలనే తొందర. కాబట్టి ముహూర్తం డెలివరీకి పెట్టుకోండి, బేరం, బిల్లు డిసెంబరు చివరి వారంలోనే ముగించండి. బుకింగ్‌తో సరిపెట్టుకోవద్దు. డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని సాధారణంగా బుకింగ్ పత్రంలోనే రాసి ఉంటుంది, కంపెనీలు ధరలు పెంచేది తరచుగా జనవరిలోనే. తయారీ నెల కూడా అడగండి. నాలుగైదేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే పాత సంవత్సరపు బండికి అప్పుడు ధర తగ్గుతుంది, ఆ మేరకు ఇప్పుడే తగ్గించమనాలి. రాజమహేంద్రవరంలోనూ ఒక కొటేషన్ తీసుకుని, 'ఇంతకు ఇస్తే ఈ రోజే డబ్బు కడతాను' అని ఒకే అంకె చెప్పండి.

నగదు సంచితో మాత్రం వెళ్లకండి. ఒక లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. రసీదులు ముక్కలు చేసినా అది ఒకే లావాదేవీ. బ్యాంకులో వేసి, ఖాతా నుంచే పంపండి.

ఇక రుణం. నాకు అసలు బెంగ ఇక్కడే. 9 శాతం వడ్డీ అనుకుంటే 6 లక్షలకు అయిదేళ్ల వాయిదా నెలకు సుమారు 12,455 రూపాయలు, ఏడేళ్లకయితే 9,653. వాయిదా తేలికగా కనిపిస్తుంది కానీ మొత్తం వడ్డీ 1.47 లక్షల నుంచి 2.11 లక్షలకు పెరుగుతుంది. షోరూములో గంటలకొద్దీ బేరమాడినా 64 వేలు తగ్గవు. వాళ్లు చెప్పే వడ్డీ ఫ్లాట్ రేటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా లెక్కకట్టేది), తగ్గే బాకీ మీదా అని తప్పక అడగండి, ఫ్లాట్ అయితే నిజంగా పడే వడ్డీ రేటు చెప్పినదానికి దాదాపు రెట్టింపు. ముందుగా మీ ఖాతా ఉన్న బ్యాంకులో రేటు కనుక్కోండి. దాళ్వా (రెండో పంట) డబ్బు చేతికొచ్చినప్పుడు అసలులో కొంత ముందే కడితే రుసుము ఎంత వేస్తారో సంతకం పెట్టక ముందే రాతపూర్వకంగా తీసుకోండి.