పల్లవిలో పగులుతోంది, చరణంలో వినపడటం లేదు

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట. మా చర్చిలో ఆదివారం ఆరాధనకి అకౌస్టిక్ గిటార్ వాయిస్తాను. ఈమధ్యే డిజిటల్ ఆంప్ కొన్నాను. ఇంట్లో చాలా బాగుంటుంది. చర్చిలో మాత్రం పల్లవికి స్ట్రమ్ చేస్తే (తీగలన్నీ కలిపి కొడితే) సౌండ్ పగులుతుంది, చరణంలో వేళ్లతో మీటితే ఎవరికీ వినపడదు. ప్యాచ్ (ఆంప్‌లో సేవ్ చేసుకున్న సౌండ్ సెట్టింగ్) మార్చినప్పుడల్లా టెన్షనే. మాస్టర్ వాల్యూమ్ తగ్గించినా పగలడం పోవట్లేదు. ఏం చేయాలి?

జవాబు: మాస్టర్ సంగతి చివర్లో చూద్దాం. పగలడం అంతకంటే ముందే, గిటార్ సిగ్నల్ ఆంప్‌లోకి అడుగుపెట్టే చోటే జరుగుతోంది. వాల్వు ఆంప్ అయితే లెవెల్ ఎక్కువైనప్పుడు మెల్లగా బొంగురుపోతుంది. డిజిటల్‌లో ఆ మెతకదనం లేదు. ఇన్‌పుట్ హద్దు దాటిందంటే తరంగం తల అక్కడికక్కడే తెగుతుంది. ఆ తర్వాత మాస్టర్ తగ్గించడమంటే ఉప్పెక్కువైన పులుసును చిన్న గిన్నెలో పోసుకోవడమే. పగిలిన సౌండే కాస్త చిన్నగా వస్తుంది.

మీ గిటార్‌లో బ్రిడ్జి కింద ఉండేది పీజో పికప్ (తీగల అదురును సిగ్నల్‌గా మార్చేది) అయ్యుంటుంది. పిక్ తీగకు తగిలిన ఆ క్షణంలో దాని సిగ్నల్ ఒక్కసారిగా ఎగుస్తుంది. అందుకే మెల్లగా మీటి లెవెల్ పెట్టుకోకండి. ఆరాధన మంచి ఊపులో ఉన్నప్పుడు ఎంత గట్టిగా కొడతారో అంత గట్టిగా జీ కార్డ్ కొట్టండి. ఆంప్ మీద ఎర్ర లైటు వెలిగితే ఇన్‌పుట్ గెయిన్ తగ్గించండి. ఆ నాబ్ లేకపోతే గిటార్ మీది వాల్యూమ్ తగ్గించండి. ఎర్ర లైటు అసలు వెలగకూడదు. లైటు వెలగకపోయినా పగులుతుంటే గిటార్‌లోని 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి. బ్యాటరీ నీరసించినా అచ్చం అలాగే పగులుతుంది. చాలా గిటార్లలో జాక్ పెట్టి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది కాబట్టి వాయించడం అయిపోగానే జాక్ తీసేయండి.

ఇక ప్యాచ్‌లు. స్ట్రమ్‌కూ వేళ్లతో మీటడానికీ ఉన్న రెండు ప్యాచ్‌లకూ మీటర్‌లో ఒకే అంకె పెడితే సరిపోదు. పిక్ దెబ్బకు మీటర్ ఎగిరి పడుతుంది గానీ చెవికి అంత పెద్దగా అనిపించదు. స్ట్రమ్ ప్యాచ్‌ను ముందు ఖాయం చేసి, వేళ్లతో మీటే ప్యాచ్ లెవెల్‌ను 3 డెసిబెల్స్‌తో మొదలుపెట్టి పెంచుతూ పోండి. పాడేవాళ్ల గొంతు పక్కన ప్రతి తీగా వినపడేదాకా పెంచాలి. దాని మీద 3:1 కంప్రెషన్ (పెద్ద సౌండ్‌ను అణిచి హెచ్చుతగ్గులు తగ్గించే ఎఫెక్ట్) కొద్దిగా వేస్తే ఇంకా నిలకడగా ఉంటుంది. రివర్బ్, కోరస్ లాంటి ఎఫెక్ట్‌లు ఆన్ చేసినప్పుడు కూడా లెవెల్ మారుతుంది. అవన్నీ పెట్టాకే ప్యాచ్ సేవ్ చేయండి.

ఈ పని ఇంట్లో చేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. సౌండ్ చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. పడకగదిలో అది చాల్లేదని బేస్ పెంచుకుంటాం. అదే ప్యాచ్ చర్చి స్పీకర్లలోకి వెళ్లగానే గుమ్మంటుంది. పైగా గిటార్ డొప్పకు 100 హెర్ట్జ్ దరిదాపుల్లో సొంత మోత ఉంటుంది. ఐదో తీగ 110 హెర్ట్జ్. స్పీకర్ సౌండ్ మళ్లీ గిటార్‌లోకి వెళ్లి పుట్టే ఫీడ్‌బ్యాక్ కూత చాలాసార్లు లేచేది అక్కడే. ఆంప్ మీద నాచ్ నాబ్ (ఒక్క హెర్ట్జ్ దగ్గరే సౌండ్ తగ్గించేది) ఉంటే ముందు అక్కడ తగ్గించండి, ఫేజ్ బటన్ (తరంగాన్ని తలకిందులు చేసేది) ఉంటే నొక్కి చూడండి. వాల్యూమ్ తగ్గించడం ఆ తర్వాతి మాట.

ఆంప్ లైన్ అవుట్ నుంచి చర్చి మిక్సర్‌కు వైరు ఇస్తున్నారా? అయితే మాస్టర్ సున్నా చేసి వాయించండి. మిక్సర్ మీటర్ ఇంకా కదులుతుంటే మీ మాస్టర్ మీ ఆంప్ స్పీకర్ ఒక్కదానికే. దాన్ని మీకు ఎంత వినపడాలో అంత పెట్టుకోవచ్చు. కదలకపోతే మాత్రం సౌండ్ చెక్ అయ్యాక మాస్టర్ ముట్టుకోకండి, మీరు తిప్పిన ప్రతిసారీ అక్కడ ఆపరేటర్ ఫేడర్ (మిక్సర్ మీద లెవెల్ జరిపే మీట) లెక్క తప్పుతుంది. మిక్సర్ హాలు చివర ఉండి, వైరు మైక్ ఇన్‌పుట్‌కి వెళ్తుంటే మధ్యలో డీఐ బాక్స్ పెట్టమనండి. అది లెవెల్‌ను మైక్ స్థాయికి దించుతుంది. కరెంటు జనరేటర్ మీద ఉన్నప్పుడు హమ్మింగ్ వస్తే డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడమనండి.

శనివారం సాయంత్రం ఆపరేటర్‌ను, పాడేవాళ్లలో కనీసం ఒకరిని తీసుకుని చర్చికి వెళ్లండి. అక్కడ కుదిరిన ప్యాచ్‌లను వేరే నంబర్లలో సేవ్ చేసుకోండి, ఇంట్లోవి ఇంటికే ఉంచండి.