మొదటి ఓటుకు ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెల అట్లాంటాలో నీ పౌరసత్వ ప్రమాణం అని అక్క చెప్పింది. చాలా సంతోషం. మొదటి ఓటు ఎలా వేయాలి, ఫారాల్లో జాతి గడి ఎలా నింపాలి, పిల్లలతో ఈ సంగతులు ఎలా మాట్లాడాలి అని అడిగావట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. ప్రమాణం పూర్తయ్యేదాకా ఓటరు నమోదు జోలికి పోకు. ఇంటర్వ్యూ పాసైనా, తేదీ చేతికొచ్చినా ఇంకా పౌరురాలివి కానట్టే. ఈ మాట నీకంటే అల్లుడుగారికి ముఖ్యం, ఆయనది ఇంకా గ్రీన్‌కార్డే కదా. లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్తే ఓటరుగా నమోదవుతారా అని అడుగుతారు. 1993 నాటి చట్టం ప్రకారం అడిగి తీరాలి. తెర మీద వచ్చిన ప్రతిదానికీ అవునని నొక్కుకుంటూ పోయేవాళ్లు అక్కడే దొరికిపోతారు. పౌరుణ్ణని తప్పుగా చెప్పినట్టు రికార్డుకెక్కితే పౌరసత్వం ఆగడంతో పోదు, దేశం నుంచి పంపించేసే కేసు దాకా వెళ్తుంది. తెలియక నొక్కాననే మాట అక్కడ పెద్దగా పనికిరాదు.

ఇక పేరు. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు ముక్కలై ఇంకోచోట ఉంటుంది. కొందరికి మొదటి పేరు గడిలో ఏకంగా ఎఫ్‌ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. మీ జార్జియా రాష్ట్రంలో ఓటరు ఫారంలోని పేరును లైసెన్సు రికార్డుతోనో సోషల్ సెక్యూరిటీ రికార్డుతోనో పోల్చి చూస్తారు. 2018లో ఇలా పోల్చడంలో తేడాలొచ్చి దాదాపు 53,000 దరఖాస్తులు పెండింగులో పడ్డాయి. వాటిలో సుమారు 70 శాతం నల్లజాతివారివి. ఒక హైఫన్, ఒక అక్షరం చాలు. అందుకని ధ్రువపత్రం చేతికివ్వగానే హాల్లోంచి బయటికి రాకముందే ప్రతి అక్షరం చదువు. తప్పుంటే అక్కడే చెప్పు, తర్వాత దిద్దించుకోవడం నెలల పని. ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీ ఆఫీసు, దాని వెనకే లైసెన్సు ఆఫీసు. రెండుచోట్లా పౌరురాలిగా మార్పించుకో. పాత రికార్డులో ఇంకా విదేశీయురాలిగానే ఉంటే ఓటరు జాబితాలో నీ పేరు మీద అనుమానపు గుర్తు పడొచ్చు. 2019లో టెక్సాస్‌లో ఇలా లైసెన్సు రికార్డులు పట్టుకునే సుమారు 95,000 మందిని అనుమానితులన్నారు. తీరా చూస్తే అందులో పౌరసత్వం తీసుకున్నవాళ్లు వేలల్లో తేలారు. ఈ రెండూ అయ్యాక నమోదు చేసుకో. ఎన్నికకు ముందు వచ్చే ఐదో సోమవారమే గడువు, అది దాటితే ఆ ఎన్నిక పోయినట్టే.

పెద్దాడి సంగతి మర్చిపోకు. గ్రీన్‌కార్డుతో నీ దగ్గరే ఉంటున్నాడు, 18 నిండలేదు కాబట్టి నువ్వు ప్రమాణం చేసిన రోజే వాడూ చట్టప్రకారం పౌరుడైపోతాడు. వాడికి విడిగా ప్రమాణం అక్కర్లేదు గానీ రుజువు కావాలి. నీ ధ్రువపత్రం, వాడి గ్రీన్‌కార్డు, పుట్టిన సర్టిఫికెట్ పెట్టి వెంటనే పాస్‌పోర్టుకి వెయ్యి. జార్జియాలో పదిహేడున్నర ఏళ్లకే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, పోలింగ్ రోజుకి 18 నిండితే చాలు. తల్లీకొడుకులు ఒకేసారి నమోదు చేసుకోండి.

జార్జియా ఓటరు ఫారంలో జాతి గడి ఉంటుంది. మనవాళ్లు చాలామంది అక్కడ తడబడతారు. కొందరు ఇండియన్ అన్న మాట కనబడగానే అమెరికన్ ఇండియన్ దగ్గర టిక్కు పెడతారు. అది ఈ నేల ఆదివాసులది, మనది కాదు. కొందరు ఇతరులు అని పెట్టి ఊరుకుంటారు. నువ్వు ఏషియన్ అని పెట్టు. పదేళ్లకోసారి వచ్చే జనగణన ఫారంలో ఏషియన్ కింద ఏషియన్ ఇండియన్ అని ప్రత్యేకంగా గడి ఉంటుంది, అక్కడ అది. ఆ గడి ఊరికే రాలేదు. 1920, 1930, 1940 జనగణనల్లో మనల్ని హిందూ అనే జాతిగా రాశారు, ముస్లిమైనా సిక్కైనా అంతే. 1970లో తెల్లవాళ్లలో కలిపేశారు. అడగ్గా అడగ్గా 1980లో విడి గడి వచ్చింది. ఏటేటా కొన్ని లక్షల ఇళ్లకు పంపే సర్వే ఒకటుంది, దాంట్లో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. ఇండియన్ అనో హిందీ అనో రాయకు, తెలుగు అని రాయి. ఓటింగులో భాషా సాయం ఇచ్చే చట్టానికి ఆ సర్వే లెక్కలే ఆధారం. ఒక కౌంటీలో ఇంగ్లీషు సరిగా రాని, ఓటు వయసు దాటిన పౌరులు ఒక భాషవాళ్లు 10,000 దాటినా, మొత్తం ఓటు వయసు పౌరుల్లో 5 శాతం దాటినా ఆ భాషలో బ్యాలెట్ ఇవ్వాల్సి రావచ్చు. మనం రాయకపోతే లెక్కలో ఉండం.

గడి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టులో పోరాడాడు. ఆ రోజుల్లో తెల్లవాళ్లకీ, ఆఫ్రికా మూలాలవాళ్లకీ తప్ప ఇంకెవరికీ పౌరసత్వం ఇచ్చేవారు కాదు. తాను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని వాదించాడు. మామూలు జనం దృష్టిలో తెల్లవాడివి కావని కోర్టు కొట్టేసింది. అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వం కూడా ఆ తీర్పుతో పోయింది. 1946లో తలుపు కాస్త తెరిచారు, ఏడాదికి 100 మందికి. ఇప్పుడు మనం ఇంతమందిమి ఉన్నామంటే 1965 అక్టోబరు 3న సంతకమైన వలస చట్టం వల్ల. దానికి రెండు నెలల ముందు, ఆగస్టు 6న, నల్లజాతివారికి ఓటుహక్కును కాపాడే చట్టం వచ్చింది. అదే అమెరికా కాంగ్రెస్, అదే అధ్యక్షుడు జాన్సన్. ఆ ఏడాది మార్చిలో అలబామాలోని సెల్మా వంతెన మీద, ఓటుహక్కు కోసం నడుస్తున్న నల్లజాతి యువకుడు జాన్ లూయిస్ తల పగిలింది. పుట్టుకను బట్టి మనిషిని లెక్కకట్టడం తప్పని దేశాన్ని ఒప్పించింది వాళ్లు. ఆ ఒప్పుకోలు లోంచే మన వీసాలు వచ్చాయి. మీ చిన్నది ఇక్కడ పుట్టగానే పౌరురాలైంది చూడు, అది కూడా బానిసత్వం నుంచి బయటపడినవారి కోసం 1868లో చేసిన 14వ సవరణ పుణ్యమే.

మీరు ఇల్లు కొన్న ఫోర్సైత్ కౌంటీ చరిత్ర నీకు తెలియాలి. 1912 సెప్టెంబరులో ఒక తెల్ల యువతి మీద దాడి జరిగిందని రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి ఆ కౌంటీలోని కమింగ్ పట్టణం జైల్లోంచి లాగి చంపి నడివీధిలో వేలాడదీశారు. తర్వాత కొన్ని వారాల్లో చర్చిలు తగలబెట్టి, ఇళ్ల మీదికి రాత్రిపూట గుర్రాల మీద వచ్చి, సుమారు 1,100 మంది నల్లజాతివారిని కౌంటీలోంచే తరిమేశారు. పొలాలు వదిలి పోయినవాళ్లు వదిలి పోయారు. డెబ్బై ఏళ్లకు పైగా అక్కడ నల్లజాతివారు దాదాపు లేరు. 1987 జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ చిన్న ఊరేగింపు తీస్తే రాళ్లతో కొట్టారు. వారం తర్వాత సుమారు 20,000 మందితో మళ్లీ నడిచారు. 1980లో 28,000 మంది ఉన్న కౌంటీలో 2020 నాటికి జనం రెండున్నర లక్షలు దాటారు. ఆ పెరుగుదలలో మన తెలుగువాళ్లు చాలామంది. ఇల్లు చూసేటప్పుడు బ్రోకర్ని "ఇది నల్లోళ్ల ఏరియా కాదు కదా" అని అడిగేవాళ్లు మనలో ఉన్నారు. ఆ ఊళ్లో నిలబడి ఆ మాట అంటే ఎంత బరువుంటుందో ఆలోచించు.

ఓటు సంగతికొద్దాం. జార్జియాలో ఓటరు పార్టీ సభ్యత్వం నమోదు చేసుకోనక్కర్లేదు. పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక మేలో జరుగుతుంది, అందులో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో ఆ రోజే అడుగుతారు. ఎవరికి వేశావన్నది రహస్యం, ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నావన్నది మాత్రం రికార్డులో ఉంటుంది. ఎవరికీ సగానికి మించి రాకపోతే నాలుగు వారాల తర్వాత రనాఫ్, అంటే ముందున్న ఇద్దరి మధ్య మళ్లీ పోటీ. ప్రైమరీలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవాళ్లు రనాఫ్‌లో రెండో పార్టీది అడగకూడదు. మన వాళ్లు నాలుగేళ్లకోసారి నవంబరులో అధ్యక్షుడికి మాత్రం వేసి వస్తారు, అక్కడే పొరపాటు. మీ కౌంటీలాంటి చోట చాలా పదవులు మేలోనే తేలిపోతాయి, పైగా రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల ఎన్నిక కూడా మేలోనే. కరెంటు బిల్లు ఎంతుండాలో తేల్చే పబ్లిక్ సర్వీస్ కమిషన్ అయిదుగురూ ఓటుతోనే వస్తారు. స్కూల్ బోర్డు, షెరిఫ్, కౌంటీ కమిషనర్లు, రోడ్ల కోసమో స్కూళ్ల కోసమో ఒక శాతం అమ్మకపు పన్ను వేయాలా అన్న ప్రశ్న, ఇవన్నీ బ్యాలెట్ అడుగున ఉంటాయి. పెద్ద ఎన్నికలోనూ ఒక్కొక్కరి విలువ తక్కువేం కాదు. 2020 అధ్యక్ష ఎన్నికలో రాష్ట్రమంతా కలిపి తేడా 11,779 ఓట్లు.

రాష్ట్ర ఓటరు పోర్టల్లో నీ పేరుతో లాగిన్ అయితే నమూనా బ్యాలెట్ కనబడుతుంది. రెండు రోజుల ముందు దాన్ని ప్రింటు తీసుకో, పేరుపేరునా వెతుకు, కాగితం మీద గుర్తు పెట్టుకో. ముందస్తు ఓటింగ్ దాదాపు మూడు వారాలుంటుంది, అప్పుడే వెళ్లు. ఎన్నిక రోజే వెళ్తే పొద్దున 7 నుంచి రాత్రి 7 వరకు. 7కి వరుసలో ఉంటే చాలు, వేయనివ్వాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్లు. యంత్రం కాగితం అచ్చు వేసి ఇస్తే, స్కానర్లో పెట్టేముందు దాని మీది పేర్లు చదువు. తప్పుంటే స్కానర్లో పెట్టక ముందే అక్కడి సిబ్బందికి చెప్పి ఇంకోటి అడుగు. పెట్టేశాక చేయగలిగింది లేదు. తెలియని పదవి ఖాళీగా వదిలినా మిగతా ఓట్లు చెల్లుతాయి. నీ పేరు జాబితాలో లేదంటే వెనక్కి తిరిగి రాకు. ప్రొవిజనల్ బ్యాలెట్, అంటే అర్హత తేలాక లెక్కించే ఓటు, అడుగు, అది నీ హక్కు. ఇంకొకటి, 2021 చట్టం ప్రకారం పోలింగ్ కేంద్రానికి 150 అడుగుల లోపల వరుసలో ఉన్నవాళ్లకు తిండి, నీళ్లు పంచకూడదు. మన పద్ధతిలో పులిహోర పొట్లాలు పట్టుకెళ్లొద్దు.

మీ అత్తగారు తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి పౌరసత్వం తెచ్చుకున్నారు, ఓటు మాత్రం ఇంగ్లీషు చదవలేక మానేస్తున్నారని విన్నాను. మానక్కర్లేదు. చదవడం రానివాళ్లు, చూపులేనివాళ్లు తమకు నచ్చిన మనిషిని బూత్‌లోకి తీసుకెళ్లొచ్చని ఆ 1965 ఓటుహక్కు చట్టంలోనే తర్వాత చేర్చారు. పనిచేసే చోటి యజమానినీ, యూనియన్ నాయకుణ్ణీ మాత్రం తీసుకెళ్లకూడదు. నువ్వు వెళ్తే సాయం చేస్తున్నానని అక్కడ సంతకం పెట్టాలి. చదివి వినిపించు, ఎవరికి వేయాలన్నది ఆవిడకే వదిలెయ్యి.

పిల్లల మాట చివరికి మిగిలింది, కష్టమైనదీ ఇదే. మన తరానికి మనిషంటే జిల్లా, కాలేజీ, ఎవరి తాలూకు అన్న లెక్క. వాళ్లకి ఎవరనేది బడి క్యాంటీన్‌లో ఏ బల్ల దగ్గర కూర్చుంటారన్న దాంతో తేలుతుంది. పెద్దాడు బ్రౌన్ అన్నా, సౌత్ ఏషియన్ అని పాకిస్తానీ స్నేహితుణ్ణి కలుపుకున్నా దిద్దొద్దు. ఎందుకలా అనిపించిందని అడిగి, చెప్పేదంతా విను. నల్లజాతి స్నేహితుడు ఇంటికొస్తే అతను వెళ్లాక గొంతు తగ్గించి వ్యాఖ్యానం చేయొద్దు. పిల్లలు మాటకంటే ఆ తగ్గిన గొంతునే గుర్తుపెట్టుకుంటారు. కష్టపడితే ఎవరైనా పైకొస్తారు, వాళ్లు రాకపోతే వాళ్ల తప్పే అనే వాదన బల్ల దగ్గర రానీయకు. మనల్ని డిగ్రీలు చూసి ఏరి తెచ్చారు. నల్లజాతివారి దగ్గర భూములు లాక్కున్నారు. రెండూ ఒకటి కాదు.

వాడు ఏదో ఒక రోజు కులం గురించి అడుగుతాడు, ఇక్కడివాళ్ల వర్ణం గురించి మాట్లాడతారు సరే, మన సంగతేమిటని. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు మన ఇళ్లలో చాలాచోట్ల ఆ మాట ఎత్తితే పెద్దలు కసురుకున్నారు. నువ్వు కసరకు. మనింట్లో ఎవరి గ్లాసు వేరుగా పెట్టేవారో, ఏ పేరుతో పిలిచేవారో ఉన్నదున్నట్టు చెప్పు. పార్టీ విషయంలో వాడు నీతో విభేదిస్తే విభేదించనీ. 2024 అధ్యక్ష ఎన్నికల్లో ఒక పక్క శ్యామలా గోపాలన్ కూతురు కమలా హారిస్, ఇంకో పక్క తెలుగు తల్లిదండ్రుల బిడ్డ ఉషా వాన్స్ భర్త జె.డి. వాన్స్. మనవాళ్లు అన్న ఒక్క మాటతో ఎవరికి వేయాలో తేలదు. వాడి నమూనా బ్యాలెట్ వాణ్ణే నింపనీ. ఎందుకో చెప్పమను, నీదెందుకో నువ్వు చెప్పు.

కమింగ్ పట్టణం నడిమధ్యలో రాబ్ ఎడ్వర్డ్స్ గురించి 2021లో ఒక ఫలకం పెట్టారు. ముందస్తు ఓటింగులో రెండు శనివారాలు తప్పకుండా ఉంటాయి. మొదటి శనివారం ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ముందు ఆ ఫలకం దగ్గరికి వెళ్లు. చిన్నదాన్ని పైకి చదవమను. అక్కడినుంచి ఓటుకి వెళ్లండి.

మీ మామయ్య