సర్పగంధ పొడితో బీపీ దిగింది... మరి ఈ ముక్కు దిబ్బడ, ఈ దిగులు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 53. టీచర్‌గా పనిచేస్తున్నాను. నాలుగేళ్లుగా బీపీ ఉంది. ఎనలాప్రిల్ 5 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకునేదాన్ని. అయినా ఏడాదిగా 150/94కి తగ్గలేదు. ఆ ఏడాది నుంచే పొడి దగ్గు కూడా ఉంది. దానికి రోజూ అతిమధురం ముక్క చప్పరిస్తున్నాను. నెల క్రితం మా ఆడపడుచు సర్పగంధ వేరు పొడి తెచ్చిచ్చింది. పొద్దున, రాత్రి అర చెంచా చొప్పున గోరువెచ్చని నీళ్లతో వేసుకుంటూ మాత్రలు ఆపేశాను. ఇప్పుడు బీపీ 128/80. దగ్గు కూడా చాలావరకు తగ్గింది. కానీ ముక్కు దిబ్బడ వదలడం లేదు. మెడికల్ షాపులో జలుబు మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాను. ఎప్పుడూ నిద్రమత్తు, ఏ పనీ చేయబుద్ధి కాదు, ఊరికే ఏడుపొస్తోంది. మెనోపాజ్ వల్లే అంటున్నారు ఇంట్లో. పొడి కొనసాగించవచ్చా? తెల్లమద్ది బెరడు, వెల్లుల్లి, గోంగూర, మునగాకు కూడా బీపీకి మంచివంటారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

డాక్టర్ సలహా: అమ్మా, ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. సర్పగంధ పొడి ఈ రోజు నుంచే ఆపండి. జలుబు మాత్రలు, అతిమధురం కూడా. పాత ఎనలాప్రిల్ మాత్రల్ని మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. రేపో ఎల్లుండో మీకు దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. ఆ ఏడుపు, దిగులు ముదిరి బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రేపటిదాకా ఆగకండి. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. 14416 టెలి మానస్ నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సర్పగంధ ఉత్తుత్తి మందు కాదు. నిజంగా పనిచేసే మందు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని, మతి చలించినవాళ్లను నెమ్మదింపజేస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దాన్ని తన బీపీ రోగుల మీద పరీక్షించి, ఫలితాలను బ్రిటన్‌లోని గుండె వైద్య పత్రికలో అచ్చు వేయించారు. దాంతో ప్రపంచం కళ్లు ఈ మొక్క మీద పడ్డాయి. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఈ వేరు నుంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. 1950లలో ప్రపంచమంతా బీపీకి వాడిన తొలితరం మందుల్లో అదొకటి. మన నేల మీద పెరిగే మొక్క అంత దూరం వెళ్లిందంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మరి ఈ రోజు ఏ డాక్టరూ దాన్ని మొదటి మందుగా ఎందుకు రాయడం లేదు? మీ ఉత్తరంలోనే జవాబుంది. మన నరాల చివర్లలో చిన్న చిన్న సంచులుంటాయి. నోర్ ఎపినెఫ్రిన్, సెరటోనిన్ లాంటి రసాయనాలు వాటిలో నిల్వ ఉంటాయి. రెసర్పిన్ ఆ సంచుల్ని ఖాళీ చేస్తుంది. రక్తనాళాల దగ్గర ఖాళీ అయితే అవి వదులై బీపీ దిగుతుంది. ముక్కులోని రక్తనాళాలూ వదులై ఉబ్బుతాయి, అదే మీ దిబ్బడ. రెసర్పిన్ వాడకంలో డాక్టర్లు చూసే మామూలు గుర్తు అది. ఇక మెదడులో ఖాళీ అయితే మత్తు, నీరసం, దిగులు. రెసర్పిన్ వాడేవాళ్లలో డిప్రెషన్ కనిపిస్తోందని 1950లలోనే వైద్యులు గమనించారు. గుండె వేగం తగ్గడం, కడుపులో యాసిడ్ పెరగడం కూడా ఉంటాయి. పుండు ఉన్నవాళ్లకు అది మరీ చెడ్డది.

మెనోపాజ్ వల్ల కూడా మనసు బాగోకపోవచ్చు, కాదనను. కానీ పొడి మొదలుపెట్టిన నెలలోనే ముక్కు, మత్తు, ఏడుపు మూడూ కలిసి వచ్చాయి. ఇలా వచ్చినప్పుడు ముందు అనుమానించాల్సింది పొడినే.

మోతాదు సంగతి కూడా చూడండి. అప్పట్లో ఈ వేరు పొడిని మాత్రలుగా చేసి ఇచ్చినప్పుడు రోజుకు 50 నుంచి 300 మిల్లీగ్రాములు ఇచ్చేవారు. మీ అర చెంచా సుమారు ఒక గ్రాము తూగుతుంది. రెండు పూటలా కలిపి 2000 మిల్లీగ్రాములు. ఆయుర్వేదంలో గ్రాముల లెక్కన ఇచ్చే పద్ధతి ఉంది, కానీ అది ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి, మధ్య మధ్యలో మళ్లీ పిలిచి చూసే వైద్యుడి చేతిలో. డబ్బాలో తెచ్చుకున్న పొడికి ఆ కాపలా లేదు. పైగా వేరు వయసును బట్టి, తవ్విన కాలాన్ని బట్టి అందులోని మందు శాతం మారిపోతుంది. దీని జాతిదే అయిన మరో మొక్క వేరును కలిపి అమ్మడమూ ఉంది. ఈ డబ్బాకూ, వచ్చే నెల తెచ్చుకునే డబ్బాకూ బలం ఒకటే అనుకోవడానికి లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీ బీపీ ఏడాదిగా ఎందుకు దిగలేదు? నా అనుమానం ఆ అతిమధురం ముక్క మీద. తియ్యగా, గొంతుకు హాయిగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ మందు కింద లెక్కపెట్టరు. డాక్టరు 'ఇంకేమైనా వాడుతున్నారా' అని అడిగినా చెప్పరు. అతిమధురంలోని గ్లిజరైజిన్ మన కిడ్నీలోని ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. దానివల్ల శరీరం ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ పెరుగుతుంది. ఎప్పుడో జలుబు చేసినప్పుడు రెండు రోజులు చప్పరిస్తే ఫర్వాలేదు. ఏడాదిపాటు రోజూ అంటే బీపీ మాత్రను అదే ఓడించి ఉండొచ్చు. ఆపాక కూడా దాని ప్రభావం పూర్తిగా పోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

మరి ఆ దగ్గు ఎక్కడిది? ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి 'ప్రిల్' మందులు వాడే వందమందిలో సుమారు పదిమందికి పొడి దగ్గు వస్తుంది. ఆడవాళ్లలో ఎక్కువ. మందు మొదలుపెట్టిన చాలా నెలల తర్వాత కూడా రావచ్చు. మీ దగ్గు తగ్గింది సర్పగంధ వల్ల కాదు, ఎనలాప్రిల్ ఆపడం వల్ల. చూడండి, మాత్ర వల్ల దగ్గు వచ్చింది, దగ్గుకు అతిమధురం, అతిమధురంతో బీపీ, బీపీకి సర్పగంధ, సర్పగంధతో ముక్కు దిబ్బడ, దిబ్బడకు జలుబు మాత్ర. ఆ జలుబు మాత్రల్లో చాలావాటిలో ఉండే ఫినైలెఫ్రిన్ మళ్లీ బీపీ పెంచేదే! ఏడాది క్రితం దగ్గు మొదలైనప్పుడే డాక్టరుకు చెప్పి ఉంటే మాత్ర మార్చేవారు, ఇవన్నీ తప్పేవి. తప్పు మీ ఒక్కరిదే అనడం లేదు. దగ్గు వస్తోందా అని మేమూ అడగాలి.

మాత్ర మార్చడం పెద్ద కష్టం కాదు. టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి మందులతో ఆ దగ్గు చాలా అరుదు. అమ్లోడిపిన్ కూడా ఉంది. ఏది, ఎంత అన్నది మీ బీపీ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. రెసర్పిన్ ప్రభావం పొడి ఆపిన వెంటనే పోదు, రోజులు, వారాలు నిలుస్తుంది. అందుకే కొత్త మాత్రను ఎప్పుడు, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో లెక్క చూసి చెప్పాలి. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయిస్తే మంచిది. స్కూటీ నడిపే అలవాటుంటే ఈ మత్తు వదిలేదాకా వద్దు.

మీరడిగిన మిగతా మొక్కల సంగతి. తెల్లమద్ది బెరడును పాలలో కాచి గుండె జబ్బులకు ఇవ్వడం ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో ఉంది. ఛాతీ నొప్పి ఉన్నవాళ్ల మీద చిన్న చిన్న పరిశోధనలూ జరిగాయి. కానీ బీపీకి మాత్రకు బదులుగా వాడేంత రుజువు లేదు. వెల్లుల్లి బీపీని కొంచెం తగ్గిస్తుంది. పప్పులో, రసంలో నిక్షేపంగా వేసుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం వెల్లుల్లి క్యాప్సూల్స్ జోలికి వెళ్లకూడదు. మునగాకు మంచి ఆకుకూర, అలాగే తినండి.

గోంగూర గురించి చెప్పాలంటే నాకు ఇష్టం. ఎర్ర గోంగూర పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రగా, పుల్లగా, దళసరిగా రేకులు మిగులుతాయి కదా, వాటిని ఎండబెట్టి కాచిన టీ మీద అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ 2010లో ఒక పరిశోధన ప్రచురించింది. బీపీ కొద్దిగా ఎక్కువగా ఉన్న 65 మందిని తీసుకున్నారు. రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవాళ్లకు పై అంకె సుమారు 7 పాయింట్లు తగ్గింది. అయితే అది ఉప్పు లేని టీ. మనం తినేది పచ్చడి. ఒక గిన్నెడు గోంగూర పచ్చడిలో పడే ఉప్పును ఒకసారి చేత్తో పట్టి చూడండి, ఆ 7 పాయింట్లు అక్కడే పోతాయి.

రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే మొత్తం వంటలో, పచ్చళ్లలో, మజ్జిగలో కలిపి ఒక టీస్పూను. మీ ఇంట్లో ఒక కిలో ఉప్పు ప్యాకెట్ ఎంతమందికి ఎన్ని రోజులు వస్తోందో ఈ నెల లెక్క పెట్టండి. నలుగురున్న ఇంట్లో అది యాభై రోజులు రావాలి. లో సోడియం ఉప్పు మంచిదే, కానీ అందులో పొటాషియం ఉంటుంది. 'ప్రిల్', 'సార్టన్' మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోకుండా మొదలుపెట్టకూడదు.

ఈ వారం బీపీ ఇంట్లోనే చూసుకోండి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, అరగంట ముందు నుంచి కాఫీ టీ లేకుండా చూడండి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి నాడి వేగంతో సహా రాయండి. నాడి 50 కంటే తగ్గినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి. 180/120 దాటి తలపోటు, ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే 108కి ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితంతోపాటు సర్పగంధ డబ్బా, మిగిలిన అతిమధురం ముక్క, జలుబు మాత్రల పట్టీ, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. తిడతారేమోనని ఏదీ దాచకండి. మీ ఆడపడుచు కూడా అదే పొడి వేసుకుంటుంటే ఆమెను వెంట తీసుకెళ్లండి.