సంఘటనల శృంఖల అనవచ్చా?

శృంఖల అంటే సంకెల కదా, "సంఘటనల శృంఖల" అని రాస్తే తప్పవుతుందా అని అడిగారు. తప్పేం కాదండీ. శృంఖల అసలర్థం గొలుసు. కాళ్లకు వేస్తే అదే సంకెల. "దాస్య శృంఖలాలు" బాగా వినబడటం వల్ల మనకు ఆ అర్థమే ముందు తడుతుంది. శృంఖలం తెగితే విశృంఖలం, అంటే కట్టు తప్పినది.

అయితే వరసగా వచ్చే ప్రతిదీ శృంఖల కాదు. గొలుసులో ఒక కొక్కెం ఇంకో కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది చూడండి, ఆ పట్టు ఉండాలి. వాన పడింది, కట్ట తెగింది, పొలం మునిగింది, అప్పు పెరిగింది: ఇది శృంఖల. ఒకదాని వెనక ఒకటి వస్తే చాలు, లంకె ఉన్నా లేకపోయినా పరంపర అనవచ్చు: "ప్రశ్నల పరంపర". అణువిచ్ఛిత్తిలో, అంటే అణుకేంద్రకాలు చీలేటప్పుడు, ఒక చీలికలో వెలువడిన న్యూట్రాన్లే తర్వాతి చీలికను పుట్టిస్తాయి, అందుకే అది శృంఖల చర్య. కావ్యాలంకారాల్లో కారణమాలదీ ఇదే పద్ధతి: ముందు చెప్పినది తర్వాతి దానికి కారణమవుతూ పోతుంది.

మీ వాక్యంలో ఒక సంఘటన ఇంకోదానికి కారణమైతే శృంఖల ఉంచేయండి. నేనైతే మామూలు వ్యాసంలో "గొలుసు" అనే రాస్తాను. అన్నట్టు, "శృంకల" కాదు, ఖ ఒత్తి పలకాలి.