పేటెంట్ ఉన్న టెక్నాలజీని చిన్న రైతులకు రాయల్టీ లేకుండా ఇస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇది: మీ సంస్థ చేతిలో పంటలకు సంబంధించిన పేటెంట్ ఒకటి ఉంది, పేద దేశాల చిన్న రైతుల దగ్గర రాయల్టీ తీసుకోవద్దనుకుంటున్నారు, అంతమాత్రంతో వాళ్ళకు మేలు జరుగుతుందా అని. జరగదు. రాయల్టీ వదులుకోవడం మంచి పనే. కానీ ఆ టెక్నాలజీని ఏ రూపంలో ఇస్తున్నారు, ఇచ్చాక ఎవరు వెంట ఉంటారు అన్నదాన్ని బట్టే రైతుకు ఏమైనా మిగిలేది. పత్తిలో దీన్ని దగ్గర నుంచి చూశాను కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

మాది గద్వాల వైపు. ఇంట్లో సీడ్ పత్తి, అంటే కంపెనీలకు విత్తనం పండించి ఇచ్చే పని. అగ్రికల్చర్ డిప్లొమా అయ్యాక కొన్నేళ్ళు ఒక విత్తన కంపెనీలో ఫీల్డ్ స్టాఫ్‌గా తిరిగాను. ఇప్పుడు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పనిచేస్తున్నాను.

బీటీ పత్తికి, అంటే కాయ తొలిచే పురుగును చంపే జన్యువును ఎక్కించిన పత్తికి, మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది. పేటెంట్ వల్లే ఆ విత్తనం అంత ధర పలికిందని చాలామంది అంటారు. నిజానికి మొదట వచ్చిన బోల్‌గార్డ్-1 జన్యువుకు ఇక్కడ పేటెంట్ లేనే లేదు. విత్తన కంపెనీలతో రాసుకున్న ఒప్పందాల ద్వారానే ట్రెయిట్ ఫీజు, అంటే ఆ జన్యువును వాడుకున్నందుకు కట్టే డబ్బు, వసూలయ్యేది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్ళి కొట్లాడి, ధరను 750కి దించింది. తర్వాత వచ్చిన బోల్‌గార్డ్-2కు పేటెంట్ ఉంది. దాని మీద ఆ జన్యువుల యజమాని అయిన అమెరికా కంపెనీ మోన్‌శాంటోకూ మన విత్తన కంపెనీ నూజివీడు సీడ్స్‌కూ మధ్య కేసు సుప్రీంకోర్టు వరకూ నడిచింది. ఇంకోపక్క 2016 నుంచి కేంద్రమే ధర నిర్ణయిస్తూ, ట్రెయిట్ ఫీజును 49 రూపాయలకు తెచ్చి, తగ్గించుకుంటూ పోయి 2020కి సున్నా చేసింది.

సున్నా చేసిన ఏడాది బోల్‌గార్డ్-2 ప్యాకెట్ ధర 730. 2025లో అది 901. అంటే జన్యువు ఉచితమైపోయాక కూడా రైతు ఏటా కొంటూనే ఉన్నాడు, పైగా ఎక్కువ పెట్టి కొంటున్నాడు. ఎందుకంటే మన దగ్గర ఆ జన్యువును ఎక్కించింది హైబ్రిడ్‌లలో, అంటే రెండు రకాలను కలిపి ఏటా కొత్తగా తయారుచేసే విత్తనంలో.

హైబ్రిడ్ పత్తి విత్తనం ఎలా తయారవుతుందో చూస్తే ఈ ధర సంగతి అర్థమవుతుంది. సాయంత్రం పూట ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి పట్టుకోవాలి. బొటనవేలి గోటితో రేకులనూ పుప్పొడి తిత్తులనూ కలిపి ఒలిచెయ్యాలి. మధ్యలో ఉన్న లేత కాడకు గోరు తగిలితే ఆ పువ్వు రాలిపోతుంది. మర్నాడు పొద్దున్నే మగ వరుసల్లోని పూలు కోసుకొచ్చి, ఆ పుప్పొడిని ఒలిచిన మొగ్గలకు అద్దాలి. ఆగస్టు నుంచి దాదాపు రెండు నెలలు రోజూ ఇదే పని. ఎక్కువగా చేసేది ఆడవాళ్ళు. ఇంత చేశాక కూడా విత్తనం స్వచ్ఛత పరీక్షలో నిలవాలి. ఒక ఏడాది మా లాట్ జీఓటీలో, అంటే విత్తనాన్ని మొక్కలుగా పెంచి చూసే ఆ పరీక్షలో, ఫెయిలైందని ఆర్గనైజర్, అంటే కంపెనీకీ మాకూ మధ్య ఉండేవాడు, డబ్బులు ఆపేశాడు. రిపోర్ట్ చూపించమంటే ఈరోజూ చూపించలేదు. పేటెంట్ గురించి ఎంత చర్చ జరిగినా ఈ చేతుల ఖర్చు గురించి, ఈ చేతులకు దక్కేదాని గురించి ఎవరూ మాట్లాడరని నాకు బాధగా ఉంటుంది.

ఇక ఆ హైబ్రిడ్ పంట నుంచి విత్తనం దాచుకుని మళ్ళీ వేస్తే చేను ఏకరీతిగా రాదు. ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, కాయ సైజు తలా ఒక తీరు. ఒక జన్యువు లెక్కన చూస్తే నాలుగింట ఒక వంతు మొక్కల్లో అది ఉండనే ఉండదు, అంటే వాటిని పురుగు తినేస్తుంది. మన 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం రైతుకు విత్తనం దాచుకునే హక్కు, తిరిగి విత్తే హక్కు, ఇరుగుపొరుగుకు ఇచ్చే హక్కు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కు కూడా ఇచ్చింది. నా దృష్టిలో ప్రపంచంలో ఉన్న మంచి చట్టాల్లో ఇదొకటి. కానీ హైబ్రిడ్ పత్తి దగ్గర ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

సూటి రకంలో, అంటే దాచుకున్న గింజ వేసినా అదే పంట వచ్చే రకంలో, ఇచ్చే ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి బికనేరి నర్మా అనే సూటి రకంలో బీటీని తెచ్చి 2009లో రైతులకు ఇచ్చాయి. విత్తనం దాచుకోవచ్చు, ధరా తక్కువ. అందులో మోన్‌శాంటో జన్యువు కలిసిందన్న వివాదంతో కొన్నాళ్ళకే ఆపేశారు. ఆ రకం నిలబడి ఉంటే పత్తి రైతు కథ వేరేగా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

అలా కుదిరిన పని చూడాలంటే నైజీరియా వైపు చూడండి. అక్కడ బొబ్బర్లు పేదవాడి మాంసకృత్తులు. వాటిని మరుకా పురుగు తినేస్తుంది. మన కందికి పట్టే గూడు పురుగు ఇదే, పూతనూ కాయలనూ కలిపి గూడు అల్లి లోపల కూర్చుని తింటుంది కాబట్టి మందు దానికి తగలదు. మోన్‌శాంటో తన బీటీ జన్యువును రాయల్టీ లేకుండా నైరోబీలోని ఆఫ్రికా వ్యవసాయ టెక్నాలజీ ఫౌండేషన్‌కు ఇచ్చింది. జారియాలోని వ్యవసాయ పరిశోధన సంస్థ దాన్ని స్థానిక రకంలో పెట్టింది. 2019 డిసెంబరులో ఆ రకం వాణిజ్య సాగుకు ఆమోదం వచ్చింది. బొబ్బర్ల పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టుకుంటుంది కాబట్టి రైతు తన గింజ తాను దాచుకోవచ్చు. కంపెనీ జన్యువు ఇచ్చి పక్కకు తప్పుకుంది, స్థానిక సంస్థ భుజాన వేసుకుంది.

గోల్డెన్ రైస్, అంటే విటమిన్ ఎ అందేలా జన్యువులు మార్చిన వరి, దాని లైసెన్స్ కూడా చదవండి. ఇంగో పోట్రికస్, పీటర్ బేయర్‌ల పరిశోధన 2000లో బయటికొచ్చింది. సాగు మీద ఏడాదికి 10,000 డాలర్లకు తక్కువ సంపాదించే రైతుకు రాయల్టీ లేదు, విత్తనం దాచుకోవచ్చు. మాట బాగుంది. కానీ ఫిలిప్పీన్స్‌లో సాగుకు అనుమతి వచ్చేసరికి 2021 అయింది, 2024లో అక్కడి అప్పీల్ కోర్టు దాన్ని మళ్ళీ రద్దు చేసింది. లైసెన్స్ ఒక్కదానితో అయ్యే పని కాదు.

ఇచ్చాక వెంట ఎవరు ఉంటారన్న మాటకు వస్తాను. బీటీ ప్యాకెట్‌లో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం విడిగా ఒక చిన్న సంచిలో వచ్చేది. చేను చుట్టూ దాన్ని వేస్తే పురుగు బీటీ విషానికి అలవాటు పడకుండా ఉంటుంది. నేను తిరిగిన ఊళ్ళలో ఆ సంచి గట్టు మీదే పడి ఉండేది. రెండెకరాల వాడు పురుగు తినే వరుసలు ఎందుకు వేస్తాడు? వేస్తే ఏం లాభమో ఎవరూ చేలోకి వచ్చి చెప్పలేదు, ఆ వరుసల నష్టం ఎవరూ భరించలేదు. 2010 నాటికే గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-1ను తట్టుకుంది. తర్వాత బోల్‌గార్డ్-2నూ తట్టుకుని మన దాకా వచ్చింది. ఇప్పుడు నాన్ బీటీని అదే ప్యాకెట్‌లో కలిపేసి 475 గ్రాములుగా అమ్ముతున్నారు. మేము మగ రెక్కల పురుగుల్ని వాసనతో పట్టే లింగాకర్షక బుట్టలు కట్టిస్తూ, డిసెంబరు దాటాక పత్తి కట్టె చేలో ఉంచొద్దని ఊరూరా చెప్తున్నాం. ఈ పనికి డబ్బు ఏ రాయల్టీ మినహాయింపులోనూ ఉండదు.

మన దగ్గర నాకు నచ్చిన ఉదాహరణ మెరుగైన సాంబ మసూరి. మాలీ దేశపు అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఎ21 జన్యువును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు వేరు చేసి పేటెంట్ తీసుకున్నారు. ఎండాకు తెగులును తట్టుకునే ఆ జన్యువుతో పాటు మరో రెండిటిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మామూలు సంకరణంతోనే బాపట్ల సాంబ మసూరిలోకి తెచ్చాయి. 2008లో విడుదలైంది. అన్నం రుచి పోలేదు, గింజ దాచుకోవచ్చు, దాని వల్ల ఏ రైతూ ఎవరికీ బాకీ పడలేదు.

మీ టెక్నాలజీ విత్తనమో పరికరమో మీరు రాయలేదు. విత్తనమైతే సూటి రకంలో పెట్టే హక్కు స్థానిక పరిశోధన సంస్థకు ఇవ్వండి. రైతు దాచుకోవచ్చు, పక్క ఊరికి అమ్ముకోవచ్చు అన్న వాక్యాన్ని లైసెన్స్‌లో ఆ రైతు చదివే భాషలో రాయించండి. పరికరమైతే స్పేర్ పార్ట్ ఊళ్ళో మెకానిక్ చేసుకునే అనుమతి ముందే రాసిపెట్టండి. ఇంకొకటి, చిన్న రైతు అంటే ఎవరో నిర్వచించేటప్పుడు పట్టా పాస్‌బుక్ అడగొద్దు. మా దగ్గర చాలా భూమి కౌలు వాళ్ళ చేతుల్లో ఉంది, వాళ్ళకు పాస్‌బుక్ ఉండదు, ఆదాయ పత్రం అంతకన్నా ఉండదు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం వాళ్ళకు అందకపోయింది ఇందుకే.

ఒప్పందం ముసాయిదా రాసే ముందు రైతులతో మాట్లాడాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో రండి. జూన్‌లో విత్తడం మొదలవుతుంది, ఆగస్టు తర్వాత క్రాసింగ్ పనిలో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.